బీపీ ఉన్న సంగతి ఒంటికి ఎందుకు తెలియదు?

(గుంటూరు బ్రాడీపేటలో పెద్దవాళ్ల కోసం జరిగిన ఆరోగ్య సభలో ఒక ఫిజియాలజీ అధ్యాపకుడి ప్రసంగం. మాట్లాడిన వరస మార్చకుండా రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. ఎండ ఇంకా దిగలేదు, అయినా ఇంతమంది వచ్చారు, సంతోషం. లోపలికి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర పిల్లలు మీకు బీపీ చూసి చీటీ మీద రాసిచ్చారు కదా. నేనూ అక్కడ కాసేపు నిలబడి విన్నాను. "నూట డెబ్బయ్యా? శుభ్రంగా నడిచొచ్చాను, నాకేం లేదే" అన్నారు ఒక పెద్దాయన. "తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, నాకు బీపీ ఏంటి నాయనా" అంది ఒకమ్మ. ఇద్దరూ నిజమే చెప్పారు. వాళ్లకు ఏమీ అనిపించడం లేదు. ఎందుకు అనిపించదన్నదే ఇవాళ నేను చెప్పాలనుకున్నది. దానికి జవాబు మెదడులో ఉంది.

ముందు ఒక పని చేద్దాం. కుడిచేతి మూడు వేళ్లు ఎడమ మణికట్టు మీద, బొటనవేలి వైపు ఆనించండి. గట్టిగా నొక్కొద్దు. నాడి దొరికిందా? ఇప్పుడు నెమ్మదిగా, కడుపు నిండా గాలి పీల్చండి. పీలుస్తూ నాడి గమనించండి. ఇక నెమ్మదిగా వదలండి... ఇంకా నెమ్మదిగా. మళ్లీ ఒకసారి. పీల్చేటప్పుడు కొంచెం త్వరగా, వదిలేటప్పుడు కొంచెం నిదానంగా కొట్టుకుంటోందా? వెనక వరసలో మనవడిని తీసుకొచ్చిన తాతగారూ, పిల్లాడి చెయ్యి పట్టుకుని చూడండి. వాడికి ఇంకా బాగా తెలుస్తుంది. వయసు పెరిగే కొద్దీ ఈ తేడా తగ్గుతుంది. షుగర్ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లకు దాదాపు ఉండకపోవచ్చు. దొరకనివాళ్లు కంగారు పడక్కర్లేదు, మాత్రల వల్ల కూడా తగ్గుతుంది.

ఈ తేడా చేస్తున్నది మెదడు అడుగు భాగం. మెడ వెనక, పుర్రె అడుగున వెన్నుపాము మొదలయ్యేచోట మెడుల్లా అని ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లో మజ్జాముఖం అంటారు. పొడవు మూడు సెంటీమీటర్లు ఉంటుందేమో, అంతే. మీ ఊపిరి, గుండె వేగం, రక్తపోటు మూడింటి లెక్కా అక్కడే. అక్కడి నుంచి వేగస్ అనే నాడి (ఇది వేళ్ల కింద కొట్టుకునే నాడి కాదు, నరం) మెడలోంచి కిందికి దిగి గుండెను చేరుతుంది. అది గుండెను నెమ్మదింపజేసే నాడి. వేగం పెంచే సింపథెటిక్ నాడులు వెన్నుపాములోంచి వేరే దారిన వస్తాయి. మీరు గాలి పీల్చినప్పుడు మెడుల్లా వేగస్ పట్టు సడలిస్తుంది, వదిలినప్పుడు బిగిస్తుంది. ఇప్పుడు మీ వేళ్ల కింద మీరు విన్నది అదే.

గుండెకు కొట్టుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు. దానిలోనే పుట్టే విద్యుత్తుతో అది తనంతట తాను నిమిషానికి దాదాపు 100 సార్లు కొట్టుకుంటుంది. మరి మనం కూర్చున్నప్పుడు నాడి డెబ్బై దగ్గర ఎందుకుంటోంది? వేగస్ రాత్రీ పగలూ దాన్ని అదుపులో పెడుతోంది కాబట్టి. దీనికి రుజువు మన ఊళ్లోనే చెప్పొచ్చు. 2016లో ఇక్కడి ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే గారి బృందం గుండె మార్పిడి చేసింది. సర్కారు ఆసుపత్రిలో, పేదవాడికి అందేచోట అలాంటి ఆపరేషన్ జరగడం నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది. అలా కొత్త గుండె పెట్టినప్పుడు రక్తనాళాలు కుడతారు, నాడులు కుట్టరు, కుట్టలేరు. అందుకే మార్పిడి చేసిన గుండె విశ్రాంతిలో కూడా నిమిషానికి 90, 100 దగ్గర నడుస్తుంది. మెట్లెక్కితే వెంటనే పుంజుకోదు. రక్తంలో అడ్రినలిన్ పెరిగాక నెమ్మదిగా పెరుగుతుంది, కూర్చున్నాక కూడా నెమ్మదిగానే దిగుతుంది. గుండె బాగానే పనిచేస్తోంది, మెదడు మాట మాత్రం దానికి అందడం లేదు.

వేగస్‌ను ప్రేరేపిస్తే గుండె ఆగుతుందని 1845లో జర్మనీకి చెందిన వెబర్ సోదరులు చూపించారు. నాడి గుండెకు ఏ విధంగా చెప్తుందన్నది తేలడానికి ఇంకా చాలాకాలం పట్టింది. ఆస్ట్రియాలో గ్రాట్స్ ఊళ్లో ఒట్టో లోవీ అనే ఆయన రెండు కప్పల గుండెలు తీసి విడివిడిగా ఉప్పునీటిలో ఉంచాడు. మొదటిదాని వేగస్‌ను ప్రేరేపిస్తే అది నెమ్మదించింది. ఆ గుండె ఉన్న నీళ్లు తీసి రెండోదానికి అందిస్తే, ఏ నాడీ తగలకుండానే అదీ నెమ్మదించింది. అంటే నాడి చివర ఏదో రసాయనం ఊరుతోందన్నమాట. 1921లో ఇది అచ్చయింది. ఆ రసాయనం అసిటైల్‌కోలిన్. 1936లో హెన్రీ డేల్‌తో కలిపి ఆయనకు నోబెల్ ఇచ్చారు. ఈ ప్రయోగం ఎలా చెయ్యాలో రాత్రి నిద్రలో తోచిందని ఆయనే చెప్పుకున్నాడు.

ఇది గుండె వేగం సంగతి. ఇప్పుడు పోటు సంగతి చూద్దాం.

మీరు కుర్చీలోంచి లేచి నిలబడగానే అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం కాళ్లలోకి, పొట్టలోకి జారుతుంది. ఆ లెక్కన లేచిన ప్రతిసారీ మనిషి కళ్లు బైర్లు కమ్మి కింద పడాలి. పడడం లేదు కదా! దవడ ఎముక మూల కింద, మెడ పక్కన ఒక నాడి కొట్టుకుంటుంది. అది కెరోటిడ్ ధమని. అది రెండుగా చీలే చోట చిన్న ఉబ్బు ఉంటుంది. ఆ గోడలో సన్నటి నాడి తంతువులు అల్లుకుని ఉంటాయి. పోటు పెరిగి గోడ సాగితే అవి ఎక్కువ సంకేతాలు పంపుతాయి, పోటు తగ్గితే తక్కువ. గుండె నుంచి బయల్దేరే మహాధమని వంపులోనూ ఇలాంటివే ఉన్నాయి. దయచేసి ఎవరూ ఇప్పుడు మెడ మీద నొక్కి చూడకండి. పెద్దవాళ్లలో కొందరికి అక్కడ నొక్కితే గుండె కాసేపు ఆగి సొమ్మసిల్లిపోతారు. బిగుతు కాలరు తగిలి పడిపోయినవాళ్లూ ఉంటారు.

ఆ సంకేతాలు మెడుల్లాకు చేరతాయి. లేచి నిలబడ్డారు, పోటు తగ్గింది, సంకేతాలు పలచబడ్డాయి. మెడుల్లా వెంటనే వేగస్‌ను వదులు చేసి సింపథెటిక్ నాడులకు పని చెప్తుంది. గుండె వేగం పెరుగుతుంది, కాళ్లలో పొట్టలో రక్తనాళాలు బిగుసుకుంటాయి, పోటు మళ్లీ పైకొస్తుంది. ఒకటి రెండు గుండె చప్పుళ్లలోనే ఈ పని మొదలవుతుంది. మీకు తెలియను కూడా తెలియదు.

మన ప్రకాశం బ్యారేజీ దగ్గర 12 అడుగుల నీటిమట్టం నిలుపుతారు. పైనుంచి వరదొస్తే గేట్లు ఎత్తుతారు, తగ్గితే దించుతారు. చూడడానికి అక్కడ ఒక కొలబద్ద ఉంటుంది. ఆ కొలబద్ద మీది అంకెలు ఎవరో రెండు అడుగులు పైకి జరిపారనుకోండి. నీళ్లు 14 అడుగులున్నా అది 12 అనే చూపిస్తుంది. గేట్ల దగ్గర మనుషులు నిద్రపోలేదు. కళ్లలో వత్తులు వేసుకుని 14 అడుగులను కాపలా కాస్తున్నారు, 12 అనుకుని. ఎవరైనా నిజంగా 12కు దించబోతే, "నీళ్లు తగ్గిపోతున్నాయి" అని గేట్లు మూసేస్తారు.

బీపీ ఉన్న మనిషిలో జరిగేది ఇదే. పోటు కొన్నాళ్లపాటు ఎక్కువగా ఉంటే, మెడలోని ఆ తంతువులు ఆ ఎక్కువకే అలవాటు పడతాయి. 1956లో అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో మక్‌కబ్బిన్, గ్రీన్, పేజ్ అనే ముగ్గురు, ఎక్కువ బీపీ ఉన్న కుక్కల్లో ఈ నాడి సంకేతాలు కొలిచి చూపించారు. పోటు ఎక్కువగా ఉంది కాబట్టి సంకేతాలు హోరెత్తాలి కదా? లేదు. ఎక్కువ పోటునే మామూలుగా లెక్కగట్టి పంపుతున్నాయి. మెదడుకు అందే కబురు "అంతా సవ్యం" అని. మరి మీకు ఎక్కడ్నుంచి తెలుస్తుంది? తల నొప్పెట్టదు, గుండె దడ ఉండదు. పోటు మాత్రం మెదడులోని సన్నటి నాళాల మీద, మూత్రపిండాల మీద, కంటి వెనక పొర మీద, గుండె కండ మీద పడుతూనే ఉంటుంది.

అలా అయితే అసలు పోటు పెరగడం మొదలైంది ఎక్కడ అని అడగొచ్చు. దీని మీద శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. మిసిసిపీలో ఆర్థర్ గైటన్ ప్రయోగశాలలో 1973లో కుక్కలకు ఈ మెడ తంతువులు, మహాధమని తంతువులు తీసేసి రోజంతా పోటు కొలిచారు. పోటు ఒక నిమిషం ఆకాశానికి, ఒక నిమిషం పాతాళానికి వెళ్లింది. కానీ రోజంతటి సగటు తీస్తే దాదాపు మామూలే. అంటే క్షణక్షణం పోటు నిలకడగా ఉంచేది ఈ తంతువులు, దీర్ఘకాలంలో ఎంత ఉండాలో తేల్చడంలో పెద్ద చెయ్యి మూత్రపిండాలది, ఒంట్లో ఉప్పూ నీళ్లది అని గైటన్ గారి వాదం. ఆ మూత్రపిండాలకు కూడా మెదడు నుంచి సింపథెటిక్ నాడులు వెళ్తున్నాయి కదా, ఉప్పు పట్టి ఉంచమని చెప్పేది అవే కదా అని రెండో పక్షం. నాకు రెండూ నిజమనిపిస్తాయి. మూత్రపిండాల నాడులను రక్తనాళంలోంచే వేడితో బలహీనపరిచే చికిత్సకు 2023లో అమెరికా అనుమతినిచ్చింది, దానివల్ల బీపీ కొంత దిగుతోంది. మెదడు పాత్ర ఉందనడానికి ఇంతకన్నా ఏం కావాలి? మన వైపు ఆవకాయ, గోంగూర, ఊరమిరపకాయలు లేకుండా ముద్ద దిగదు, నాకూ దిగదు. రోజుకి ఒంట్లోకి వెళ్లే ఉప్పు మొత్తం 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచా లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. పచ్చడి ఉన్న పూట మజ్జిగలో ఉప్పు మానెయ్యండి, అప్పడం మానెయ్యండి.

ఇప్పుడు మాత్రల దగ్గరికి వద్దాం. నా బాధంతా ఇక్కడే.

బీపీ మాత్ర మొదలుపెట్టిన మొదటి వారాల్లో చాలామంది "నీరసంగా ఉంది, లేస్తే తూలుతోంది, మందు పడలేదు" అని ఆపేస్తారు. నూట డెబ్బైని మామూలనుకుంటున్న మెదడుకు నూట నలభై తక్కువగా కనిపిస్తుంది. అందుకే ఆ తూలు. అందుకే డాక్టర్లు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు. కొన్ని వారాలు ఓపిక పడితే ఆ కొలబద్ద అంకెలు మళ్లీ కిందికి జరుగుతాయి. తూలు తగ్గకపోతే డాక్టరుకు చెప్పి మందు మార్పించుకోండి. మీ అంతట మీరు ఆపకండి. సంక్రాంతికి ఊరెళ్తూ మాత్రలు మరిచిపోయి, "పది రోజులు వేసుకోలేదు, ఏమీ కాలేదు" అంటారు. ఏమీ అనిపించలేదు, అంతవరకే నిజం. క్లోనిడిన్ అని ఒక మందుంది. 1960ల్లో జర్మనీలో ముక్కు దిబ్బడకు చుక్కల మందుగా తయారు చేయబోతే, అది నేరుగా మెదడు మీద పనిచేసి బీపీని దించేస్తోందని బయటపడింది. దాన్ని ఉన్నట్టుండి ఆపితే బీపీ మునుపటికన్నా పైకి ఎగబాకుతుంది. గుండె వేగం తగ్గించే మాత్రలు కొన్నిటితోనూ ఆ ప్రమాదం ఉంది.

నాడుల దారిన బీపీని తగ్గించడంలో మన దేశం వంతు చాలా పెద్దది, అది చెప్పకుండా ఉండలేను. సర్పగంధ మొక్క వేరు మన వైద్యంలో ఎప్పటినుంచో ఉంది. దానితో బీపీ తగ్గుతోందని 1931లో కలకత్తాలో సేన్, బోస్ రాశారు. 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ తన రోగుల ఫలితాలను బ్రిటిష్ పత్రికలో ప్రచురించాక ప్రపంచం ఇటు తిరిగి చూసింది. 1952లో స్విట్జర్లాండ్‌లో దాని నుంచి రిసర్పిన్‌ను వేరు చేశారు. సింపథెటిక్ నాడుల చివర నిలవ ఉండే రసాయనాన్ని అది ఖాళీ చేస్తుంది. దాంతో రక్తనాళాలు సడలుతాయి. అదే పని మెదడులోనూ చేయడం వల్ల కొందరికి మనసు కుంగిపోయేది. ఇప్పుడు అంతకన్నా మంచి మందులున్నాయి కాబట్టి ఎవరూ వేరు తెచ్చుకుని అరగదీయొద్దు.

"టెన్షన్ వల్లే బీపీ అండీ, టెన్షన్ తగ్గితే అదే తగ్గుతుంది" అన్న మాట ఇంటింటా వింటాం. సగం నిజం. కోపం, భయం, దుఃఖం పుట్టే మెదడు భాగాల నుంచి మెడుల్లాకు నేరుగా దారులున్నాయి. 1994 జనవరి 17న తెల్లవారుజామున లాస్ ఏంజెలెస్ దగ్గర నార్త్‌రిడ్జ్ భూకంపం వచ్చింది. గుండె రక్తనాళాల జబ్బుతో ఉన్నట్టుండి చనిపోయేవారు అక్కడ రోజుకు సగటున 4.6 మంది. ఆ ఒక్కరోజు 24 మంది. మెదడులో పుట్టిన భయం గుండెను ఎంత దూరం తీసుకుపోగలదో చూడండి. అయితే, టెన్షన్ వల్ల పెరిగిన పోటు టెన్షన్‌తో పాటు దిగుతుంది. తీరిగ్గా ఇంట్లో కూర్చున్నప్పుడు కూడా నూట అరవై ఉంటే దాన్ని టెన్షన్ ఖాతాలో వేసి మాత్ర వాయిదా వేయకండి. గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడేవాళ్లుంటే అదీ డాక్టరుకు చెప్పండి. ఊపిరి ఆగిన ప్రతిసారీ మెదడు సింపథెటిక్ నాడులను గట్టిగా తట్టి లేపుతుంది, రాత్రి దిగాల్సిన పోటు దిగదు.

ఇంకో సంగతి. దసరాల్లో మూలా నక్షత్రం రోజు ఇంద్రకీలాద్రి మీద క్యూలో, వేసవిలో మన మిర్చి యార్డులో, నిలబడ్డ మనిషి ఉన్నట్టుండి తెల్లబడి, చెమటలు పట్టి, కూలబడతాడు. ఎండకు నాళాలు వెడల్పవుతాయి, రక్తం కాళ్లలో నిలుస్తుంది. మెదడు చివరిదాకా లాక్కొచ్చి ఒక దశలో తిరగబడుతుంది: వేగస్ గట్టిగా బిగుస్తుంది, నాళాలు వదులవుతాయి, మెదడుకు రక్తం అందదు. చుట్టూ చేరినవాళ్లు చేసే మొదటి పని చంకల్లో చేతులు వేసి లేపి కూర్చోబెట్టడం, నోట్లో నీళ్లు పొయ్యడం. రెండూ వద్దు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పట్టుకోండి. మామూలుగా నిమిషంలోపే తెలివొస్తుంది. తెలివి రాకపోయినా, ఛాతీలో నొప్పి అన్నా 108కి ఫోన్ చెయ్యండి.

పక్షవాతం గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను, ఇది మాత్రం రాసుకోండి. మూతి వంకర పోయింది, చెయ్యి పడిపోయింది, మాట ముద్దగా వస్తోంది. ఇంట్లో మిషన్ పెడితే 190. ఎవరో ఒక మాత్ర తెచ్చి నాలుక కింద పెడతారు. పెట్టకండి. రక్తం అందని మెదడు తనను తాను బతికించుకోవడానికి పోటు పెంచుకుంటుంది. దాన్ని అమాంతం దించితే బతకగలిగిన భాగం కూడా చచ్చిపోతుంది. అలాంటప్పుడు పోటు ఎంత దించాలో, అసలు దించాలో లేదో స్కానింగ్ చూశాక డాక్టర్లు తేలుస్తారు. మీరు చెయ్యాల్సింది లక్షణాలు మొదలైన టైము గుర్తుపెట్టుకుని, స్కానింగ్ ఉన్న పెద్దాసుపత్రికి పరుగెత్తడం. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒకరు: డాక్టరు దగ్గర 160 ఉంటుంది, ఇంట్లో చూస్తే 130. ఏది నమ్మాలి?)

రెండూ నిజమేనండీ. తెల్లకోటు చూస్తే మెదడు పోటు పెంచుతుంది. ఇంట్లో వారం రోజులు పొద్దునా రాత్రీ చూసి రాసుకోండి. ముందు మూత్రానికి వెళ్లి రండి, నిండిన మూత్రాశయం కూడా పోటు పెంచుతుంది. కాఫీ తాగి అరగంట అవ్వాలి. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి చూడండి. ఇంట్లో సగటు 135/85 దాటితే బీపీ ఉన్నట్టే.

(ఒక మహిళ: మా వారికి డెబ్బై రెండేళ్లండీ. షుగరూ బీపీ రెండూ ఉన్నాయి. రాత్రి మూత్రానికి లేచి రెండుసార్లు పడిపోయారు. బీపీ మాత్ర ఆపెయ్యమంటారా?)

ఆపొద్దమ్మా, ముందు కొలవండి. పడుకుని లేదా కూర్చుని అయిదు నిమిషాలయ్యాక ఒకసారి చూడండి. ఆయన నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడో నిమిషానికి మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ తగ్గితే, నిలబడ్డప్పుడు సర్దాల్సిన ఆ నాడులు సరిగా పనిచేయడం లేదని అర్థం. షుగర్ ఏళ్ల తరబడి ఉంటే ఆ నాడులు దెబ్బతింటాయి. అలాంటివాళ్లకు గుండెపోటు కూడా నొప్పి లేకుండా రావచ్చు, ఆయాసం, చెమటలు కనిపిస్తే తేలిగ్గా తీసుకోవద్దు. ప్రోస్టేట్‌కు ఏమైనా మాత్ర వాడుతున్నారా? వాడుతున్నారా, అయితే అది కూడా పోటు దించుతుంది, దాన్ని రాసిన డాక్టరు వేరే అయి ఉంటారు. ప్రస్తుతానికి రాత్రి లేచేటప్పుడు ముందు మంచం అంచున కూర్చుని, కాళ్లు కిందికి వేసి, మడమలు పదిసార్లు ఆడించి అప్పుడు లేవమనండి. మూత్రం కూర్చునే పొయ్యమనండి. రేపే ఆ అంకెలు రాసిన కాగితం, ఆయన వాడే మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని మీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రోస్టేట్ చీటీ కూడా.